పుల్లమ్మ పక్కన తీగ

జూన్ 9

వదినా,

దాన్ని చంపింది నువ్వే. ఎదురు చెప్పకు, సాకులు వెతకకు, "నాకేం తెలుసమ్మా" అని అమాయకపు మొహం పెట్టకు. ఈ లోకంలో సగం ఘోరాలు చేసింది అలాంటి మొహాలే.

ఆదివారం మీ క్వార్టర్‌కి వచ్చాను. నువ్వు ఆసుపత్రి లాండ్రీ డ్యూటీలో ఉన్నావు. పక్కింటి మీటర్ రీడర్ గారి భార్య పెరటి గొళ్ళెం తీసింది. ఉతుకుడు రాయి పక్కన పుల్లటి పళ్ళు కాసే తీగ, మన పుల్లమ్మ, గోడంతా అల్లుకుని పచ్చగా ఉంది. బాత్రూం వైపు తిరిగి చూస్తే రెండో తీగ, ఎన్నడూ కాయని మన సోమరిపోతు, లేడు. చీలమండ ఎత్తున నా మణికట్టంత మొద్దు మిగిలింది. ఒకే వేటు. చిగురన్నది లేదు. పైగా మొద్దు తల మీద వెలిసిపోయిన నీలం రంగు. నరికింది చాలక అలంకరణ కూడానా?

అన్నయ్య పోయిన రోజు, ఫిబ్రవరిలో, తీగలకి ఆకుల్లేవు. ఆ గోడకి అద్దె కుర్చీలు దొంతరగా పేర్చి ఉన్నాయి. నేను పెరట్లోకి తొంగి చూసే స్థితిలోనూ లేను. అప్పటికి ఉందో లేదో చూడలేదు కానీ, ఆ తర్వాతే చేసుంటావు. మనిషి పోయాడు, అడిగేవాళ్ళెవరనుకున్నావు.

అన్నయ్య ఉద్యోగం ఏమిటి? కరెంటు టవర్ల మీదికి పాకే తీగల్ని కోసి పారెయ్యడం. ఇరవై ఏడేళ్ళు అదే పని. అలాంటి మనిషి తొమ్మిదేళ్ళ కిందట కొండ మీద నూట పదకొండో టవర్ దగ్గర కత్తి ఎత్తి, మళ్ళీ దించాడు. పూసలంత నల్లటి పళ్ళు, నోట్లో వేసుకుంటే చెవుల దాకా పులుపు. టవర్ రెండు కాళ్ళ మీద రెండు అడవిద్రాక్ష తీగలు. రెంటి నుంచీ ఒక్కో ముక్క కోసి, తడి గోనెలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. నాకు పాఠం కూడా చెప్పాడు: "ఆకు చూసి నమ్మకు, ఆకులు మోసం చేస్తాయి. నులితీగ చూడు, పాము నాలుకలా రెండుగా చీలాలి. ముదురు కాండం మీద బెరడు పీలికలుగా ఊడాలి. పండు చిదిమితే రెండో మూడో గింజలుండాలి. ఒక్కటే ఉండి నెలవంకలా వంగి ఉందా, ఉమ్మెయ్. అది విషం."

రెండేళ్ళ కిందట కరెంటు డిపార్టుమెంటు వాళ్ళు లైను కింద కొండ పొడవునా కలుపు మందు కొట్టించారు. అడవిద్రాక్ష ఇక్కడ ఎప్పుడూ లేనే లేదని ఇప్పుడు కాగితాల్లో రాసుకున్నారు. లేదని రాస్తే చంపినట్టు కాదు కదా! ఉందని రుజువు చెయ్యడానికి కాలేజీలో బోటనీ మేష్టారిని పట్టుకున్నాను. రెండు తీగల పూతా, కాయా తెమ్మన్నాడు. అందుకే వచ్చాను. వచ్చి ఏం చూశానో పైన రాశాను.

ఎందుకు చేశావో రాయి. నాలుగు ముక్కల్లో తేల్చెయ్యకు.

నీ ఆడపడుచు
(మర్చిపోయి ఉంటే గుర్తు చేస్తున్నాను)


జూన్ 20

కరపత్రానికి,

ఈ పేరు మీ అన్నయ్య పెట్టింది, మార్చే అధికారం నాకు లేదు. నీ ఉత్తరం చేరింది. కవరుకి అంటించిన జిగురు కూడా కోపంతో బిగుసుకుపోయింది. చాకుతో తెరవాల్సొచ్చింది.

నాలుగు నెలల తర్వాత వచ్చావు. గోడ చూశావు, మొద్దు కొలిచావు. అటు తిరిగి వంటింటి కిటికీలోంచి చూసి ఉంటే బోర్లించిన కంచాలు ఎన్నో కనపడేవి. ఒకటి. "మా వదిన తింటోందా" అని పక్కింటావిడని అడిగావా? "ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు అని పోలీసులా అడిగిందండీ మీ ఆడపడుచు, నాకు గొంతెండిపోయింది" అందావిడ. ఆవిడ గొంతు ఎండిపోవడమంటే మాటలా!

అవును, నేనే కొట్టేశాను. బాత్రూం తూములోకి వేళ్ళు దిగి నీళ్ళు నిలబడిపోతున్నాయి. తూము బాగుచేసేవాడు రెండుసార్లు వచ్చి, మూడోసారి వస్తే తీగనైనా తియ్యండి, నన్నైనా మానిపించండి అన్నాడు. నీలం రంగంటావా, ఆసుపత్రి దుప్పట్లకి గుర్తులేసే రంగు సీసా ఇంటికి తెచ్చాను, అక్కడ ఒలికింది. కాయనిదాన్ని ఎన్నాళ్ళని మేపుతాం? ఇదీ సంగతి. నాలుగు ముక్కల కంటే ఎక్కువే అయింది.

పుల్లమ్మకి కూడా ఈ ఏడు ఏమైందో తెలీదు. పూత విరగబడి వచ్చింది. ఆవగింజంత అయ్యాక మొత్తం రాలిపోయింది. ఆరేసిన దుప్పట్ల మీద ఇసక పడ్డట్టు పడ్డాయి. ఆయన లేని దిగులేమో అనుకున్నాను. నవ్వుకో, నాకేం.

రాలినవి పొట్లం కట్టి ఇందులో పెట్టాను. ఆయన డ్యూటీ డైరీలో ఒక పేజీకి రెండు పూగుత్తులు అంటించి ఉన్నాయి, రెండు తీగలవీ. కింద ఆయన రాతతో "ఇది పుల్లమ్మ. ఇది సోమరి. తేడా ఉంది" అని ఉంది. ఆ పేజీ కూడా పంపుతున్నాను. పని అయ్యాక తిరిగి పంపు. ఆయన రాత నా దగ్గర ఎక్కువ లేదు.

ఇంకో మాట. డిసెంబరు ఆఖరికి క్వార్టర్ ఖాళీ చెయ్యమని నోటీసొచ్చింది. గోడ నాతో రాదు. పుల్లమ్మని ఎలా తీసుకెళ్ళాలో మీ మేష్టారిని అడుగు.

మీ వదిన


జూలై 4

వదినా,

తూము! అబద్ధం చెప్పడానికి కూడా కాస్త చదువుండాలి.

మేష్టారు మొద్దు గురించి విని నవ్వాడు. దుప్పట్లకి వేసే రంగు ఒలికితే చుట్టూ నేల మీదా పడుతుంది, కోత మీద మాత్రమే ఉండదన్నాడు. అది కొట్టేసిన మొద్దు మళ్ళీ చిగురించకుండా పూసే మందట. ఏ మొద్దుకి పూశారో ఏది వదిలేశారో తెలియడానికి అందులో నీలం కలుపుతారట. లైన్‌మెన్‌ల సంచుల్లో ఉంటుంది. అంటే అన్నయ్య సంచిలోంచి, అన్నయ్య మందు తీసి, అన్నయ్య తీగకి పూశావు. ఉత్తినే కొట్టేసి ఊరుకుని ఉంటే వేరులోంచి మళ్ళీ లేచేది. అడవిద్రాక్షని చంపడం అంత తేలిక కాదట. నువ్వు తేలిక చేశావు.

ఇప్పుడు అసలు సంగతి విను, కూర్చుని విను. డైరీ పేజీని మేష్టారు భూతద్దం కింద పెట్టి నన్ను పిలిచాడు. పుల్లమ్మ పువ్వులో మధ్యన చిన్న పిందె ఉంది, చుట్టూ కేసరాలు వంగిపోయి ఉన్నాయి. సోమరి పువ్వులో పిందె లేదు. కేసరాలు పొడుగ్గా, నిటారుగా, పుప్పొడితో. "ఇది మగ తీగమ్మా. అడవిద్రాక్షలో ఆడా మగా వేరువేరు. మగది చచ్చినా కాయదు. కానీ అది పక్కన లేకపోతే ఆడదీ కాయదు" అన్నాడు. బొప్పాయిలో పోతు చెట్టు సంగతి పసిపిల్లాడికి తెలుసు. ద్రాక్షలోనూ ఉంటుందని మనకి తట్టలేదు.

అర్థమైందా? పుల్లమ్మకి దిగులూ కాదు, తెగులూ కాదు. తొమ్మిదేళ్ళు ఏమీ చెయ్యట్లేదని మనం వెక్కిరించినవాడు మొత్తం పని చేశాడు. ఇదే కదా నేను పాతికేళ్ళుగా మా పత్రికలో గొంతు చించుకుని రాస్తున్నది! కంటికి కనపడే కాపుకే విలువ. కాయనివాళ్ళు దండగ, సంపాదించనివాళ్ళు దండగ, ముసలివాళ్ళు దండగ. యజమానులు ఇలా మాట్లాడితే నాకు ఆశ్చర్యం లేదు. వాళ్ళ బతుకే అది. "కాయనిదాన్ని ఎన్నాళ్ళని మేపుతాం" అని నువ్వు రాయడమే నాకు మింగుడు పడటం లేదు. మా అమ్మ నిన్ను ఇరవై రెండేళ్ళు ఏ మాటతో పొడిచిందో నాకు తెలుసు. గొడ్రాలనిపించుకున్న మనిషివి, ఇంకో గొడ్డుదాని మీద కత్తి ఎత్తడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

కొండ మీద లేవు. మీ గోడ మీద ఒకటే మిగిలింది. ఒంటరి ఆడతీగని పట్టుకుని నేనేం రుజువు చెయ్యను, ఏం పెంచను?

నీ ఆడపడుచు


జూలై 27

కరపత్రానికి,

ఈ కాగితం మూడు వారాలుగా కుట్టుమిషను మీదే ఉంది. దీని మీద సూది పెట్టె పెట్టాను, టీ గ్లాసు పెట్టాను. రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

కొట్టింది నేను కాదు. మీ అన్నయ్య.

పోయిన సెప్టెంబరు. మధ్యాహ్నం మూడింటికే ఇంటికొచ్చారు. టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. చేతిలో మీ పత్రిక చుట్ట చుట్టి ఉంది. గుమ్మంలో నిలబడి, "బస్సులో నువ్వు దానికేం చెప్పావు?" అన్నారు. అంతే. గొంతు పెంచలేదు.

బస్సులో నేను చెప్పింది నీకు గుర్తుందా? మీ అమ్మ పోయిన నెలకి, ఆవిడ సామాను సర్ది మనిద్దరం తిరిగొస్తున్నాం. పిల్లలు పుట్టకపోవడానికి లోపం నాలో లేదని, పరీక్షలో ఆయనకని తేలిందని, పెళ్ళైన రెండో ఏడే మా ఇద్దరికీ తెలుసని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు. మీ అమ్మ ఇక లేదు కదా, కాస్త గాలి పీల్చుకుందామనిపించింది. "ఎవరికీ చెప్పకు" అన్నాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని, దిగేదాకా వదల్లేదు.

ఆయన లోపలికెళ్ళి డ్యూటీ బట్టలు వేసుకున్నారు. బూట్లు, చేతి తొడుగులు, హెల్మెట్ కూడా. ఇంటి పెరట్లోకి హెల్మెట్ ఏమిటని అడగబోయాను. ఆయన అప్పటికే పెరటి తలుపు తీశారు. ఒకే వేటు వేశారు. వాళ్ళు టవర్ల దగ్గర ఎలా చేస్తారో అలాగే, కోత ఆరకముందే కుంచెతో నీలం మందు పూశారు. కుంచె కడిగి ఆరబెట్టారు. తీగని ముక్కలు కోసి, కట్ట కట్టి, వీధి చివర పడేసి వచ్చి అన్నం పెట్టమన్నారు.

సబ్‌స్టేషన్‌లో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు. ఆయన పోయాక నిచ్చెన చెప్పాడు. వాళ్ళ పొడుగు లైన్‌మన్ లేడూ, అతను. మీ పత్రిక అక్కడికి ఎవరో తెచ్చారట. పేరు రాయలేదు కానీ "లైన్‌మన్‌గా పనిచేసే మా సొంత అన్న" అని రాశావట. భోజనాల దగ్గర ఒకడు పైకి చదివాడట. ఇంకొకడు మర్నాడు బొప్పాయికాయ తెచ్చి ఆయన హెల్మెట్‌లో పెట్టి, "పోతు చెట్టుకి కానుక" అన్నాడట. మీ అన్నయ్య కూడా వాళ్ళతో కలిసి నవ్వారట. ఆ రోజే ఇంటికి మూడింటికొచ్చింది.

నీ వ్యాసం వల్ల పోయారని నేననను. గుండెకి వెళ్ళే రక్తనాళం మూసుకుపోయిందని నేను పనిచేసే ఆసుపత్రిలోనే రాసిచ్చారు, చదువుకున్నాను. కానీ ఆ అయిదు నెలలూ ఆయన పెరట్లో కాలు పెట్టలేదు. అది మగ తీగని నాకు నీ ఉత్తరంతోనే తెలిసింది. ఆయన తెలిసే చేశారా అని ఇరవై రోజులుగా ఆలోచిస్తున్నాను. "తేడా ఉంది" అని రాసుకున్న మనిషికి తెలీదని ఎలా అనుకోను?

నేనే కొట్టానని ఎందుకు రాశానంటే, నువ్వు అన్నయ్యని ఎత్తుగా పెట్టుకున్నావు. అక్కడే ఉండనీ అనుకున్నాను. నన్ను తిట్టడం మీ ఇంట్లోవాళ్ళకి కొత్త కాదు కదా. కానీ గొడ్డుది గొడ్డుదాని మీద కత్తి ఎత్తిందని రాశావు చూడు. మీ అమ్మ ఆ మాట నోటితో అంది. కాగితం మీద పెట్టలేదు.

వదిన


ఆగస్టు 12

వదినా,

ఈ ఉత్తరం ఏడోసారి రాస్తున్నాను. ఆరుసార్లూ చించింది ఎందుకంటే, ప్రతిసారీ రెండో పేరాకల్లా నన్ను నేను సమర్థించుకోవడం మొదలెట్టాను. అలవాటు.

నువ్వు "ఎవరికీ" అన్నావు. ఎవరికీ అంటే చుట్టాలకి, ఇరుగుపొరుగుకి అనుకున్నాను. పత్రిక చదివేవాళ్ళు నా లెక్కలో "ఎవరూ" కాదు. వాళ్ళు ప్రజలు. ప్రజలకి బల్ల దగ్గర కూర్చుని అన్నం తినే పని ఉంటుందని, వాళ్ళలో ఒకడి చేతిలో బొప్పాయికాయ ఉంటుందని నాకు తోచలేదు. నిన్ను అడగాలనీ తోచలేదు. నీ తరఫున రాస్తున్నాను కదా, నిన్ను అడగడం దేనికి! ఆ వ్యాసం అచ్చయిన రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇరవై రెండేళ్ళ తర్వాత మా వదినకి న్యాయం చేశానని ఆఫీసులో అందరికీ టీ తాగించాను.

అన్నయ్య నాతో ఒక్క మాట అనలేదు. అక్టోబరులో ఫోన్ చేశాడు. "ఒంట్లో బావుందా, కళ్ళద్దాలు మార్పించుకున్నావా" అన్నాడు. చదివావా అని నేనే అడిగాను. "నాకు చదవడానికి టైమెక్కడిది కరపత్రం" అన్నాడు. నేను నమ్మి, కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

అయినా ఒక్కటి అడక్కుండా ఉండలేను. తిట్టు, కానీ జవాబు చెప్పు. లోపం తనదని తెలిసీ, మా అమ్మ నిన్ను నలుగురిలో అన్నప్పుడల్లా అన్నయ్య ఎందుకు ఊరుకున్నాడు? నేను రాసింది తప్పు. నేను రాసిన విషయం అబద్ధమా? మగవాడి పరువు కోసం ఆడది నోరు మూసుకోవాలనే ఇంట్లోనేనా నేను పుట్టింది? అన్నయ్యని ప్రేమిస్తూ ఈ ప్రశ్న అడగొచ్చో లేదో నాకు తెలీదు. రెండు వారాలుగా నిద్రలేస్తూనే ఇదే.

వచ్చే సంచికలో మొదటి పేజీలో, నా పేరుతో, క్షమాపణ వేస్తాను. నేనేం చేశానో మొత్తం రాస్తాను. ఇంకేం చెయ్యాలో నువ్వు చెప్పు. డైరీ పేజీ జాగ్రత్తగా పంపుతున్నాను.

నీ


ఆగస్టు 30

అమ్మాయ్,

డైరీ పేజీ చేరింది. మూల నలగలేదు. అంత పట్టింపుగా పంపినందుకు సంతోషం.

నీ ప్రశ్నకి జవాబు. ఆయన మీ అమ్మకి చెప్పేస్తానన్నారు. రెండో ఏడే అన్నారు, పదో ఏడూ అన్నారు. నేనే వద్దన్నాను. మీ అమ్మ నన్నంటే నేను వంటింట్లోకెళ్ళి గిన్నెలు నాలుగు ఎత్తి కుదేసి, ఆవిణ్ణి మనసారా తిట్టుకుని, సాయంత్రానికి మర్చిపోయేదాన్ని. అదే మాట ఆయన్ని అంటే కొండెక్కి దిగేవారు కాదు. ఎవరు మొయ్యగలరో వాళ్ళు మోశారు. ఇంట్లో గ్యాసు బండ ఎవరు మొయ్యాలని ఓటింగు పెట్టుకోం కదా.

ఆయన ఊరుకున్నారనీ అనకు. ప్రతి ఆదివారం నా బట్టలు ఉతికేవారు. లోపల చాటుగా కాదు, పెరట్లో రాయి మీద, లైను క్వార్టర్లన్నీ చూస్తుండగా. మీటర్ రీడర్ గారు "ఏం గురూ, చాకలి పనా" అని అరిస్తే, "మా ఆవిడకి జీతం బాకీ" అనేవారు. మీ అమ్మ ఆ వేళకి గదిలోకెళ్ళి తలుపేసుకునేది. అది మా ఇద్దరి మధ్య లెక్క. నీకు అది చాలదనిపించొచ్చు. నాకూ కొన్ని రోజులు చాలలేదు. చాలలేదని ఆయనకే చెప్పేదాన్ని.

నువ్వు రాసింది అబద్ధం కాదు. నిజం నాది. అడిగి తీసుకోవాల్సింది.

వదిన


అక్టోబరు 19

వదినా,

నిచ్చెన బాబాయిని వెంటబెట్టుకుని కొండెక్కాను. ఎక్కడో ఒక మగ తీగ మిగిలి ఉండకపోదని. నాకు యాభై ఒకటి, ఆయనకి అరవై. నూట పదకొండో టవర్ చేరేసరికి ఇద్దరం నాలుగు కాళ్ళ మీద ఉన్నాం.

"అమ్మాయ్, నువ్వు మీటింగుల్లో అంత సేపు నిలబడి అరుస్తావు, ఊపిరి ఏమైంది?" అన్నాడు.

"అక్కడ కొండ ఉండదు బాబాయ్."

లైను కింద నేలంతా ఎర్రగా, గుండు గీసినట్టు ఉంది. టవర్ దాటి లోయలోకి దిగితే, ఒక బండ వెనక, మందు పడని చోట, తీగ! గుత్తులు గుత్తులుగా నల్లటి పళ్ళు. నేను కేక పెట్టాను వదినా. పండుంటే మగది కాదని నాకు తెలుసు. అయినా ఇది కాసిందంటే మగది దగ్గర్లోనే ఉండాలి కదా. పండు తుంపి నోట్లో వేసుకోబోయాను. నిచ్చెన నా చేతి మీద ఒక్కటి కొట్టాడు. "మీ అన్న ఏం చెప్పాడు? చిదిమి చూడు ముందు."

చిదిమాను. ఒక్కటే గింజ. నెలవంకలా వంగి ఉంది. అప్పుడు మిగతావి చూశాను. నులితీగలే లేవు. కాండం నున్నగా ఉంది, పీలిక ఊడదు. ఏ ఒక్క గుర్తూ కలవలేదు. దొరకాలన్న ఆశతో ముందు ఆకు ఒక్కటే చూశాను.

అక్కడే కూలబడ్డాను. నిచ్చెన వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆ రోజు చదివినవాడెవడని నువ్వు అడగవేం?" అన్నాడు. అడిగితే ఏం చేస్తానో నాకే భయమన్నాను. "నేను చదవలేదు. బొప్పాయీ నేను తేలేదు. కానీ నవ్వానమ్మా. మీ అన్నయ్య కూడా నవ్వుతున్నాడు కదా అని గట్టిగా నవ్వాను" అన్నాడు. ముసలాడు ఏడిస్తే చూడలేం వదినా. ఇద్దరం కలిసి ఏడ్చాం. కిందికి దిగేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోక తప్పలేదు.

మిగతా లోయ అంతా రెండు ఆదివారాలు తిరిగాం. లేదు.

మేష్టారు ఇంకొకటి చెప్పాడు. పోయినేడు ఆగస్టు పళ్ళు, అంటే సోమరి బతికుండగా కాసినవి, ఎక్కడైనా మిగిలి ఉంటే వాటి గింజలు మొలకెత్తొచ్చట. మొలిచినవాటిలో దాదాపు సగం మగవి అవుతాయట. ఏవి మగవో పూత వచ్చేదాకా, అంటే మూడు నాలుగేళ్ళు, చెప్పలేమట. నువ్వేమైనా దాచావా? లేదంటే లేదని రాయి. అడిగే హక్కు నాకు లేదని తెలిసే అడుగుతున్నాను.

క్షమాపణ ప్రూఫులు సిద్ధంగా ఉన్నాయి. నీ మాట కోసం ఆపాను. ఈసారి ఆపాను.

నీ ఆడపడుచు


డిసెంబరు 18

అమ్మాయ్,

క్వార్టర్ ఖాళీ చేశాను. ఆసుపత్రి లాండ్రీ మీద ఒక గది ఇచ్చారు. కింద బాయిలర్లు ఆడుతుంటే నేల వెచ్చగా ఉంటుంది. చలికాలానికి బావుంది, ఎండాకాలం సంగతి అప్పుడు చూసుకుంటాను. కిటికీ ఉంది, గోడ లేదు. తీగకి చోటు లేదు.

నిచ్చెన చేత రెండు పొట్లాలు పంపుతున్నాను. పెద్దది పుల్లమ్మ. ఆకు మొత్తం రాలాక, నిద్రలో ఉన్నప్పుడు కోశాను. పన్నెండు ముక్కలు, పెన్సిలంత లావు, ఒక్కోదానికి నాలుగు కణుపులు. కింది కోత అడ్డంగా, పై కోత ఏటవాలుగా కోశాను, నువ్వు కంగారులో తలకిందులుగా నాటకుండా. మీ అన్నయ్య అలాగే కోసేవారు. తడి దుప్పటి గుడ్డలో చుట్టాను, ఆరనివ్వకు.

చిన్నది గింజలు. ఆగస్టు గుత్తి ఒకటి ఆయన అలమార మీద ఎండబెట్టి మర్చిపోయారు. ఇల్లు సర్దుతుంటే దొరికింది. నలభై మూడు గింజలు. అడగ్గానే ఎందుకు పంపలేదంటే, అప్పటికి దొరకలేదు. దొరికాక కూడా మూడు వారాలు పంపలేదు. ఇచ్చెయ్యాలని అనిపించలేదు.

ఇంకేం చెయ్యాలో చెప్పమన్నావు. ఇన్నేళ్ళూ డిమాండ్లు నువ్వు రాస్తే నేను చదివాను. ఇవి నావి.

1. క్షమాపణ అచ్చు వెయ్యొద్దు. ప్రూఫులు చించెయ్.

2. ఆయన గురించి ఇక ఎక్కడా రాయొద్దు. మంచిగా కూడా రాయొద్దు. కొండ మీద మందు గురించి ఎంతైనా రాసుకో.

3. ముక్కల్ని ఇసకలో సగం దాకా పాతు. రెండు కణుపులు లోపల, రెండు బయట. చిగురు రాగానే సంబరపడకు, వేరు ఇంకా వచ్చి ఉండదు. లాగి చూడకు.

4. గింజల్ని తడి ఇసకలో కలిపి మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టు. ఏమిటవి అని మీ ఆఫీసులో ఎవరైనా అడిగితే గింజలని చెప్పు. కథ చెప్పొద్దు.

5. మొలిచినవి ఎన్నయినా, పూత వచ్చేదాకా ఒక్కటి కూడా పీకొద్దు. పూత వచ్చాకా పీకొద్దు.

6. ఏవైనా చచ్చిపోతే చచ్చిపోయాయని రాయి. మొత్తం చచ్చిపోయినా రాయి.

7. నిచ్చెనని మాట అనొద్దు. బొప్పాయి తెచ్చినవాడి పేరు అడగొద్దు.

8. నేను రమ్మన్నప్పుడే రా. జనవరిలో రెండో ఆదివారం రా.

9. వచ్చేటప్పుడు ఆ వ్యాసం తీసుకురా. ఆయన ఆ పత్రిక నాకు ఇవ్వలేదు, ఏం చేశారో తెలీదు. నా గురించి ఏం రాశావో నేను ఇంతవరకు చదవలేదు. మీటింగుల్లో చదివే గొంతుతో మొదటి నుంచి చివరిదాకా నాకు చదివి వినిపించు. మధ్యలో ఆపొద్దు. ఏడవొద్దు. అయిపోయాక ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపో.

వదిన